టపా సంచుల వెంట విమానం: దక్కన్ ఆకాశంలో తొలి దారులు

భారతదేశంలో పౌర విమానయానానికి తొలి దశాబ్దాల్లో అన్నం పెట్టినది తపాలా శాఖ. విమానం ఏ ఊళ్లో దిగాలి, వారంలో ఏ రోజున ఎగరాలి, ఏ మజిలీని వదిలి ఏ మజిలీకి మళ్లాలి అన్న నిర్ణయాలన్నీ ఆ కాలంలో ఉత్తరాల సంచులు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి చేరాలన్న లెక్క మీద జరిగేవి; ఆ సంచులు ఎక్కించాక చోటు మిగిలితే, తూకం సరిపోతే, ప్రయాణికుడికి అవకాశం దొరికేది. బళ్ళారి, హైదరాబాద్, నాగ్‌పూర్ వంటి నడిదేశపు ఊళ్లు ఓడరేవు నగరాలతో సమానంగా విమానపటంలోకి ఎక్కడానికి కారణం ఈ టపాయే. విమానయాన చరిత్ర అనగానే సాహసికులైన పైలట్ల కథలు, మహారాజుల సొంత విమానాల కథలు చెప్పుకోవడం అలవాటైపోయింది గానీ, రోజువారీ ఖర్చులు ఎవరు భరించారని అడిగితే కథ మరో దారిలో నడుస్తుంది.

విమానంలో అధికారికంగా తపాలా మోయడం ప్రపంచంలోనే మొదటిసారి జరిగింది భారతదేశంలో. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో జరుగుతున్న సంయుక్త ప్రావిన్సుల పారిశ్రామిక ప్రదర్శనశాల మైదానం నుంచి ఆన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు హంబర్-సోమర్ ద్విపక్ష విమానంలో, అంటే ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న విమానంలో, దాదాపు ఆరువేల ఉత్తరాలతో లేచి, యమునానది మీదుగా సుమారు పది కిలోమీటర్ల దూరంలోని నైనీలో పావుగంటలోపే దిగాడు. విడిభాగాలుగా ఓడలో వచ్చిన ఆ విమానాన్ని ఇక్కడే బిగించి నిలబెట్టారు. ఒక్కో ఉత్తరానికి అదనంగా వసూలు చేసిన ఆరణాల రుసుమును స్థానిక హోలీ ట్రినిటీ చర్చి చేపట్టిన విద్యార్థి వసతి గృహానికి ఇచ్చారు. ఏర్పాట్లు చూసినవాడు వాల్టర్ విండమ్ అనే ఆంగ్లేయుడు. ఇది ప్రదర్శన కోసం చేసిన వేడుకే తప్ప, దీని వెనుక క్రమబద్ధమైన సేవ ఏదీ లేదు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ల దాకా దేశంలో నిలకడైన దేశీయ విమాన తపాలా ఏర్పడలేదు కూడా.

నిలకడ వచ్చింది కరాచీ మీదుగా. బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సాయంతో నడిచే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1929 మార్చి 30న లండన్–కరాచీ సేవను ప్రారంభించింది. ప్రయాణం ఏడు రోజులు, టికెట్ 130 పౌన్లు. విమాన ప్రయాణమని పేరే గానీ అందులో కొంత భాగం రైల్లో సాగేది: ఫ్రాన్సు వైపు నుంచి తమ గగనతలంలోకి వచ్చే విమానాలను ఇటలీ అనుమతించనందున ప్రయాణికులు స్విట్జర్లాండులోని బాజెల్‌లో విమానం దిగి, రైలెక్కి జెనోవా చేరి, అక్కడ నీటిమీద వాలే విమానం ఎక్కి, మధ్యధరా సముద్రం దాటి అలెగ్జాండ్రియాలో మళ్లీ మరో విమానంలోకి మారేవారు. అదే కరాచీలో ఆర్-101 అనే భారీ వాయునౌక కోసం, అంటే హైడ్రోజన్ వాయువుతో తేలే ఓడ కోసం, ఎడారి అంచున బ్రహ్మాండమైన షెడ్డు కూడా కట్టారు. 1930 అక్టోబరు 4న ఇంగ్లండు నుంచి భారతదేశానికి బయలుదేరిన ఆ నౌక మరునాడు తెల్లవారుజామున ఫ్రాన్సులోని బొవే పట్టణం దగ్గర కూలి, అందులోని 54 మందిలో 48 మంది చనిపోయారు. మృతుల్లో బ్రిటన్ వైమానిక శాఖ మంత్రి లార్డ్ థామ్సన్ ఒకరు. వాయునౌకల మీద బ్రిటన్ పెట్టుకున్న ఆశ అక్కడితో ముగిసింది, కరాచీ షెడ్డుకు అది ఎదురుచూసిన అతిథి ఎన్నడూ రాలేదు.

లండన్ ఉత్తరం వారంలో కరాచీ చేరినా, అక్కడి నుంచి బొంబాయికో మద్రాసుకో రైలు మీద వెళ్లాల్సి రావడంతో ఆకాశంలో కలిసొచ్చిన రోజులు కాస్తా పట్టాల మీద కరిగిపోయేవి. ఈ లోటును వ్యాపారావకాశంగా చూసినవాడు నెవిల్ వింట్సెంట్. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్సులో పనిచేసి, తర్వాత ఊరూరా విమాన విన్యాసాలు చూపుతూ జనాన్ని పైకి తీసుకెళ్లి తిప్పుతూ భారతదేశమంతా తిరిగిన ఇతడికి, ఎక్కడ దిగడానికి వీలైన నేల ఉందో చేతి రేఖల్లా తెలుసు. ఇతడు వేసిన పథకం 1929 ఫిబ్రవరి 10న భారతదేశపు మొదటి నంబరు పైలట్ లైసెన్సు అందుకున్న జె.ఆర్.డి. టాటాకు నచ్చింది; టాటా సంస్థల అధ్యక్షుడు సర్ దొరాబ్జీ టాటా సంశయించినా, ఆ సంస్థల ఉన్నతాధికారి జాన్ పీటర్సన్ నచ్చజెప్పడంతో సుమారు రెండు లక్షల రూపాయల పెట్టుబడికి ఒప్పుకున్నాడు. వారు మొదట ప్రభుత్వాన్ని ఏటా కొంత సొమ్ము సాయంగా అడిగారు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌కు ధారాళంగా సాయం చేసిన ప్రభుత్వం టాటాల విషయంలో మాత్రం ససేమిరా అంది. చివరకు సాయమేదీ లేకుండా, మోసిన టపాకు మాత్రమే డబ్బు తీసుకునే షరతు మీద 1932 ఏప్రిల్‌లో పదేళ్ల ఒప్పందం కుదిరింది. మొండిచేయి చూపిన ఆ ఒప్పందమే ఆ చిన్న సంస్థకు పొదుపు నేర్పిందనుకోవడంలో తప్పు లేదు.

1932 అక్టోబరు 15 ఉదయం కరాచీలోని డ్రిగ్ రోడ్ విమానాశ్రయం నుంచి జె.ఆర్.డి. ఒక్కడే పస్ మాత్ అనే విమానం నడుపుకుంటూ బయలుదేరాడు. డి హావిలాండ్ కంపెనీ తయారుచేసిన ఈ విమానానికి ఒకే ఇంజను, గంటకు నూట అరవై కిలోమీటర్ల చొప్పున వేగం; నేలతో మాట్లాడటానికి రేడియో లేదు, దారి చూపే పరికరాలు లేవు. అందులోని బరువు 25 కిలోల ఉత్తరాలు. మధ్యలో అహ్మదాబాదులో దిగినప్పుడు బర్మా షెల్ కంపెనీ వారు నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో పెట్రోలు నింపి ఎద్దుబండి మీద తోలుకొచ్చారు; ప్రపంచంలోని అతి కొత్త వాహనానికి అతి పాత వాహనం ఇంధనం మోసుకురావడం అప్పటి వారికి వింతగా తోచినట్టు లేదు, ఎందుకంటే ఆ మైదానం దాకా రాగలిగిన బండి అదొక్కటే. మధ్యాహ్నానికి బొంబాయిలోని జుహూ చేరాక, మద్రాసు ఉత్తరాలను వింట్సెంట్ మరో విమానంలో బళ్ళారి మీదుగా తీసుకెళ్లాడు.

బళ్ళారిని ఎంచుకోవడంలో భూగోళం తప్ప వేరే మర్మం లేదు. బొంబాయి నుంచి మద్రాసుకు గీసిన గీత వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం ఒక్క బిగిన పోవడం పస్ మాత్ వల్ల కాదు, దీపాలు లేని నేల మీద రాత్రివేళ దిగడమూ సాధ్యం కాదు. దాదాపు ఆ గీత మీదే, బయలు నేలల మధ్య, సైనిక కేంద్రంగా పేరున్న బళ్ళారి ఉంది. అప్పటికి అది మద్రాసు రాష్ట్రంలో, తెలుగువారు దత్తమండలమని పిలుచుకున్న ప్రాంతంలోని జిల్లా కేంద్రం. తెలుగూ కన్నడమూ కలగలిసిన ఊరు. బెజవాడ, విశాఖపట్నం, రాజమండ్రి వంటి పెద్ద పట్టణాలకంటే ముందుగా క్రమబద్ధమైన విమాన సేవ ఈ ఊరికి దక్కింది.

మొదట్లో సేవ వారానికి ఒకసారే, ఎందుకంటే లండన్ విమానం కరాచీకి వారానికి ఒకసారే వచ్చేది. జుహూలో కార్యాలయమంటే తాటాకుల పాక. వానాకాలంలో అక్కడి మైదానం నీటమునిగి బురదయ్యేది కనుక ఆ నెలల్లో సిబ్బందీ విమానాలూ పూనాకు తరలిపోయేవి. ఇన్ని ఇక్కట్ల మధ్య తొలి ఏడాదిలో ఈ విమానాలు లక్షా అరవై వేల మైళ్లు తిరిగి, దాదాపు పది టన్నుల టపా మోసి, అరవై వేల రూపాయల లాభం చూపాయి. ఆ ఏడాది మొత్తం మీద ఎక్కిన ప్రయాణికులు 155 మంది. అంటే సగటున వారానికి ముగ్గురు! ఎక్కినవారు కూడా సంచుల మధ్య ఒదిగి కూర్చోవలసిందే. ఈ పరిస్థితి భారతదేశానికే ప్రత్యేకం కాదు. అమెరికాలో 1925 నాటి చట్టం తపాలా కాంట్రాక్టులను ప్రైవేటు కంపెనీలకు అప్పగించాకే అక్కడి విమాన సంస్థలు బతికి బట్టకట్టాయి. బోయింగ్ కంపెనీ ఆ రోజుల్లో తపాలా కోసమే కట్టిన 40ఎ రకం విమానంలో ప్రయాణికులకు విడిచిన సీట్లు రెండే. అట్లాంటిక్ దాటి పేరు గడించిన లిండ్‌బర్గ్ అంతకుముందు సెయింట్ లూయీ–షికాగో మధ్య ఉత్తరాలు మోసిన పైలటే.

హైదరాబాదు ఈ కథలోకి బళ్ళారి స్థానంలో ప్రవేశించింది. కొన్నేళ్లకే బొంబాయి–మద్రాసు దారి నిజాం రాజధాని మీదుగా మళ్లింది. 1938 నాటికి కరాచీ, భుజ్, అహ్మదాబాదు, బొంబాయి, హైదరాబాదు, మద్రాసు, తిరుచిరాపల్లి, కొలంబో అనే పొడవైన గొలుసులో అది ఒక లంకె. ఇక్కడ ఒక చిత్రమైన చిక్కు ఉంది. హైదరాబాదు సంస్థానానికి 1869 నుంచీ సొంత తపాలా వ్యవస్థ, సొంత బిళ్లలు ఉండేవి, కానీ ఆ బిళ్లలు సంస్థానం సరిహద్దుల లోపలే చెల్లేవి. కనుక వరంగల్లులోనో గుల్బర్గాలోనో ఉన్న చిరునామాకు రాసే ఉత్తరానికి నిజాం బిళ్ల సరిపోగా, విమానంలో మద్రాసుకో లండనుకో వెళ్లవలసిన ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా తపాలా బిళ్ల అంటించక తప్పేది కాదు. ఒకే నగరంలో రెండు తపాలాలు పక్కపక్కనే పనిచేశాయి. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయేదాకా ఈ జంట ఏర్పాటు సాగింది. రవాణా విషయంలో సంస్థానం వెనుకబడి ఉందనుకోవడానికి మాత్రం వీల్లేదు: సొంత రైల్వేకు తోడు, టాటాల తొలి విమానం ఎగిరిన 1932లోనే, 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణాను అది మొదలుపెట్టింది. బేగంపేటలో విమానాశ్రయం కూడా ఆ దశాబ్దంలో హైదరాబాద్ ఏరో క్లబ్ చొరవతోనే రూపుదిద్దుకుంది.

1938లో అమల్లోకి వచ్చిన సామ్రాజ్య విమాన తపాలా పథకం, అదనపు రుసుము లేకుండానే బ్రిటిష్ సామ్రాజ్య దేశాల మధ్య ఉత్తరాలన్నింటినీ విమానంలో పంపాలని నిర్ణయించింది. బరువు ఒక్కసారిగా పెరగడంతో టాటాలకు పెద్ద విమానాలు, ఎక్కువ సర్వీసులు అవసరమయ్యాయి. ఆ ఆదాయం మీద సంస్థ నిలదొక్కుకుంటుండగానే మరుసటి ఏడాది యుద్ధం వచ్చి పథకాన్ని మింగేసింది. 1942లో వింట్సెంట్ ఇంగ్లండు నుంచి తిరిగి వస్తున్న విమానం దారిలో గల్లంతై అతడు మరణించాడు. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తెలుగు కోస్తా జిల్లాల్లో గన్నవరం, మధురపూడి వంటి చోట్ల రన్‌వేలు ఏర్పడటానికి కారణం ఈ యుద్ధ అవసరమే. కోస్తాకు విమానాశ్రయాలను తెచ్చింది సైన్యం, దక్కనుకు విమాన సేవను తెచ్చింది టపా.

యుద్ధం ముగిశాక అమెరికన్ సైన్యం వదిలిపోయిన డకోటా విమానాలు చవకగా అమ్మకానికి వచ్చాయి. డగ్లస్ కంపెనీ డీసీ-3కి ఇది సైనిక రూపం: రెండు ఇంజన్లు, సుమారు ఇరవై ఒక్క సీట్లు, మట్టి నేల మీదైనా దిగగల గట్టి చక్రాలు. లోపలి గాలి ఒత్తిడిని కృత్రిమంగా నిలబెట్టే ఏర్పాటు దీనికి లేదు, అందువల్ల పదివేల అడుగులకు మించి పైకి పోకుండా, మబ్బుల్లోనే ఊగుతూ లేస్తూ సాగేది. సైనికులు గోడల పొడవునా కూర్చునే బల్లలను పీకేసి, మెత్తని సీట్లు బిగించి, ప్రయాణికుల విమానాలుగా మార్చే పని బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారానికి చేతినిండా దొరికింది. ఈ చౌక విమానాల ఆసరాతో దేశమంతా కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటిలో ఒకటి 1945లో బేగంపేట కేంద్రంగా ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్; అందులో నిజాం ప్రభుత్వానికి 71 శాతం, టాటా ఎయిర్‌లైన్స్‌కు 29 శాతం వాటా. దేశంలోని తక్కిన విమాన సంస్థలు పెట్టుబడిదారుల చేతుల్లో ఉండగా, ఒక ప్రభుత్వానికి ఆధిక్యం ఉన్న సంస్థగా ఇది నడిచింది.

దక్కన్ ఎయిర్‌వేస్ పేరు నేటికీ తలచుకునేది ఒక నియామకం వల్ల. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ పొంది 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్ ఉద్యోగం కోసం దరఖాస్తు చేయగా, ఎనిమిది సంస్థలు తిరస్కరించాయి. ఆడమనిషి నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు బెదిరిపోతారన్నది వారి సాకు. తొమ్మిదో సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను తీసుకోవడంతో, భారతదేశంలో విమానసంస్థ ఉద్యోగంలో చేరిన తొలి మహిళా పైలట్‌గా ఆమె డకోటాలలో సహపైలట్ సీటులో కూర్చుంది. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. అయితే విమానానికి పూర్తి బాధ్యత వహించే కెప్టెన్ హోదా మాత్రం ఆ సంస్థలో ఆమెకు దక్కలేదు. తలుపు తెరిచినవారే గడప దగ్గర ఆపేశారనాలి.

ఈలోగా సంస్థానం మీద రాజకీయ మేఘాలు కమ్ముకున్నాయి. 1948లో భారత ప్రభుత్వం చుట్టూ రాకపోకలను బిగించినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాల్లో, అంటే యుద్ధకాలపు లాంకాస్టర్ బాంబరును మార్చి చేసిన పెద్ద రవాణా విమానాల్లో, కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్ మైదానాల్లో దించాడు. పదిహేనేళ్ల కిందట లండన్ ఉత్తరాలు దిగిన దిక్కు నుంచే ఇప్పుడు తుపాకులు దిగాయి. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. కాటన్ మీద బ్రిటన్‌లో కేసు నడిచి 200 పౌన్ల జరిమానాతో సరిపోయింది. దక్కన్ ఎయిర్‌వేస్ మాత్రం కొత్త ప్రభుత్వం కింద యథాప్రకారం కొనసాగింది.

స్వాతంత్ర్యానంతరం కేంద్రంలో కమ్యూనికేషన్ల శాఖ చూసిన రఫీ అహ్మద్ కిద్వాయ్ తపాలాను మరోసారి విమానయానపు మధ్యలోకి తెచ్చాడు. ఆయన ఆలోచన సులభమైనది: రాత్రి బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసుల నుంచి ఒక్కో డకోటా బయలుదేరి నడిరాత్రి దాటాక దేశానికి నడిబొడ్డున ఉన్న నాగ్‌పూర్‌లో కలుసుకోవాలి, సంచులు ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చుకుని తెల్లవారేసరికి తిరిగి సొంత ఊళ్లు చేరాలి. సాయంత్రం మద్రాసులో పోస్టు చేసిన ఉత్తరం మరునాడు ఢిల్లీలో పంచడానికి సిద్ధంగా ఉంటుంది. నాలుగు నగరాల మధ్య నేరుగా నడిపితే ఆరు వేర్వేరు దారుల్లో విమానాలు కావాలి, నడుమ ఒక కూడలి ఉంటే నాలుగు చాలు. డకోటాలతో, అరకొర దీపాల మధ్య, రాత్రిపూట ఈ పని ప్రమాదకరమనీ గిట్టుబాటు కాదనీ జె.ఆర్.డి. టాటా గట్టిగా వ్యతిరేకించినా కిద్వాయ్ వెనక్కి తగ్గలేదు. 1949 జనవరి 30న సేవ మొదలైంది. ఏప్రిల్ నుంచి మామూలు రేటు ఉత్తరాలను కూడా, త్వరగా చేరతాయనుకున్న చోట్లకు, అదనపు రుసుము లేకుండా విమానంలోనే పంపసాగారు. తొలుత నడిపిన ఇండియన్ ఓవర్‌సీస్ ఎయిర్‌లైన్స్ కొన్ని నెలలకే చేతులెత్తేయడంతో, అదే ఏడాది హిమాలయన్ ఏవియేషన్ బాధ్యత తీసుకుంది. టపాతోపాటు ఎక్కే ప్రయాణికులకు పగటి విమానాలకంటే తక్కువ టికెట్ ఉండటంతో, నిద్ర మేల్కొనగలిగిన మధ్యతరగతి వారికి విమానం మొదటిసారి అందుబాటులోకి వచ్చింది. వాళ్లు సోనెగావ్ విమానాశ్రయంలో అర్ధరాత్రి దిగి, సంచులతోపాటే తామూ విమానం మారేవారు. ఇదే పద్ధతిని, అంటే రాత్రికి సరుకంతా ఒక కూడలిలో చేర్చి, వేరుచేసి, ఉదయానికల్లా పంచడాన్ని, 1973లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ అనే అమెరికన్ కంపెనీ మెంఫిస్ నగరంలో ప్రారంభించి ప్రపంచ ఖ్యాతి గడించింది. నాగ్‌పూర్‌లో అప్పటికి పాతికేళ్ల ముందే జరిగిన పనిని తపాలా శాఖ ఒక వ్యాపార సిద్ధాంతంగా ఎప్పుడూ ప్రకటించుకోకపోవడం వల్ల ఆ కీర్తి దానికి దక్కలేదు.

టాటా భయం పూర్తిగా నిరాధారమైనది కాదు. 1953 డిసెంబరు 12న తెల్లవారుజామున నాగ్‌పూర్ నుంచి మద్రాసుకు లేచిన డకోటా రన్‌వే దాటగానే కూలి, అందులోని 14 మందిలో 13 మంది చనిపోయారు. బతికి బయటపడినవాడు పైలట్ ఒక్కడే. అప్పటికి విమానం మీది పేరు మారింది. చౌక డకోటాల మీద లేచిన కంపెనీలు ఎక్కువై, ప్రయాణికులు చాలక, నష్టాల్లో మునుగుతున్నాయని ప్రభుత్వం వేసిన రాజాధ్యక్ష కమిటీ 1950లో తేల్చింది; పార్లమెంటు 1953లో చేసిన చట్టంతో ఆగస్టు 1 నుంచి దక్కన్ ఎయిర్‌వేస్, హిమాలయన్ ఏవియేషన్‌లతో సహా ఎనిమిది సంస్థల దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో విలీనమయ్యాయి. దానికి సంక్రమించిన 99 విమానాల్లో 74 డకోటాలే. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో మిగిలాయి. ప్రేమ్ మాథుర్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. బేగంపేట విమానాశ్రయం 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరుచుకునేదాకా హైదరాబాదు ప్రయాణికులకు సేవలందించింది.

1957లో వైకౌంట్, 1964లో కరవెల్ విమానాలు వచ్చాక పగటివేళనే నగరాల మధ్య రోజుకు పలు సర్వీసులు నడిచి, వాటి సామాను గదుల్లోనే ఉత్తరాలకు సరిపడా చోటు దొరకడంతో, తపాలా కోసం ప్రత్యేకంగా రాత్రి విమానాలు కలుసుకోవలసిన అవసరం క్రమంగా తగ్గింది. తపాలా శాఖ చెల్లించే మొత్తం విమాన సంస్థల ఆదాయ వ్యయ పట్టికల్లో టికెట్ల రాబడికి చాలా కిందనున్న ఒక చిన్న పద్దుగా మిగిలింది.